ఒక్క ఏడాదిలో 21కి ఎగబాకిన బెంగళూరు: ఇన్నోవేషన్‌ను కొలిచే లెక్కల్లో ఏముంది?

ప్రపంచంలో ఇన్నోవేషన్ ఎక్కువగా జరిగే నగరాల జాబితాను ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, అదే వైపో, ఏటా విడుదల చేస్తుంది. 2024లో 50ల్లో ఎక్కడో ఉన్న బెంగళూరు 2025 జాబితాలో 21వ స్థానంలో తేలింది. ఇలాంటి వార్త మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పక్కర్లేదు. చెన్నై మాత్రం 80ల్లోనే ఉండిపోయింది.

ఆ ఏడాదిలో బెంగళూరులో అద్భుతమేమీ జరగలేదు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ కూడా ఎప్పటిలాగే ఉంది. వైపో వాళ్లు లెక్క కట్టే పద్ధతి మార్చారు, అంతే. అంతకు ముందు రెండే చూసేవారు: అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తులు, శాస్త్ర పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు. 2025లో వాటికి మూడోది కలిపారు, వెంచర్ క్యాపిటల్ డీల్స్, అంటే కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని పెట్టే పెట్టుబడులు. కోరమంగల, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లలో అవి ఎన్ని జరుగుతాయో తెలిసిందే కదా. చెన్నై కథ వేరు. అక్కడి నుంచి నడిచే జోహో ప్రపంచమంతా సాఫ్ట్‌వేర్ అమ్ముతోంది, కానీ ఇంతవరకు వెంచర్ క్యాపిటల్ ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. ఆ మూడో లెక్కలో జోహో వాటా సున్నా.

మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. రాష్ట్రాల కోసం నీతి ఆయోగ్ ఇచ్చే ఇండియా ఇన్నోవేషన్ ఇండెక్స్‌లో మూడు విడతలుగా పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటకే ఫస్టు. అయితే రెండో విడతలో 42 దాకా ఉన్న దాని స్కోరు, 2022 జులైలో వచ్చిన మూడో విడతలో 18 దగ్గరికి పడిపోయింది. కర్ణాటక సగానికి పైగా చతికిలబడిందా? లేదు. 36 సూచికల స్థానంలో 66 పెట్టారు, లెక్క చట్రం మార్చారు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటంలోనే అర్థం లేదు. కానీ పేపర్లో గ్రాఫ్ వేసేటప్పుడు ఈ మాట ఎవరూ రాయరు.

ర్యాంకులు పనికిరావని కాదు నేను అంటున్నది. ఇన్నోవేషన్‌ను నేరుగా చూడలేం, దాని ఆనవాళ్లను లెక్కపెడతాం. ఏ ఆనవాలు పట్టుకుంటే ఆ కథే వస్తుంది. ఇప్పుడున్న లెక్కల్లో ఎక్కువ భాగం ఎంత డబ్బు పెట్టారు, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. కొత్త పద్ధతి ఎవరి చేతికి చేరింది, వాళ్ల పని ఎంత మారింది అన్నది చూసే లెక్కలు చాలా తక్కువ. నా ఫిర్యాదు అదీ.

ఖర్చు లెక్క

అన్నిటికంటే పాతది పరిశోధన ఖర్చు లెక్క. 1963లో రోమ్ దగ్గరి ఫ్రాస్కాటి అనే ఊళ్లో నిపుణులు కూర్చుని, ఏది పరిశోధన కిందికి వస్తుంది, ఏది రాదు అని రాసుకున్నారు. ఆ ఫ్రాస్కాటి మాన్యువల్‌నే సవరించుకుంటూ ఇప్పటికీ దేశాలు వాడుతున్నాయి. మన దేశం విషయంలో ఎప్పుడూ వినపడే అంకె అక్కడి నుంచి వచ్చిందే: 2020–21లో ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) ఖర్చు జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియాలో ఇది 5 శాతం చుట్టూ ఉంటుంది, ఇజ్రాయెల్‌లో ఇంకా ఎక్కువ. పైగా అక్కడ ఖర్చులో పెద్ద భాగం కంపెనీలదైతే, మన దగ్గర ప్రభుత్వానిది.

అంకె ముఖ్యమైనదే. కానీ విత్తనాలకు ఎంత ఖర్చయిందో చూసి పంట ఎంత పండిందో చెప్పలేం కదా. ఇంకో చిక్కూ ఉంది. కంపెనీ తన ఖర్చును పరిశోధన కింద రాయాలా, మామూలు ఖర్చు కింద రాయాలా అన్నది పన్ను నిబంధనలను బట్టి కూడా మారుతుంది. గుర్తింపు పొందిన సొంత పరిశోధన కేంద్రంలో పెట్టిన ఖర్చుకు 2017 మార్చి దాకా ఆదాయపన్నులో 200 శాతం మినహాయింపు ఉండేది. తర్వాత 150కి, 2020 ఏప్రిల్ నుంచి 100కి తగ్గించారు. వంద రూపాయల ఖర్చుకు రెండు వందల మినహాయింపు వస్తున్నప్పుడు ఆడిటర్ ఎంత శ్రద్ధగా వెతికి రాస్తాడో, ఆ లాభం పోయాక అంతే శ్రద్ధగా రాస్తాడని ఎవరు నమ్ముతారు?

పేటెంట్ల లెక్క

పేటెంట్లు లెక్కపెట్టడం సులువు. అందుకే అందరికీ ఇష్టం. భారత పేటెంట్ కార్యాలయం 2022–23లో 34 వేల పైచిలుకు పేటెంట్లు మంజూరు చేసింది. 2023–24లో ఆ సంఖ్య లక్ష దాటింది. దేశంలో ఆలోచనలు ఒక్క ఏడాదిలో మూడింతలు కాలేదు. ఏళ్ల తరబడి మూలుగుతున్న ఫైళ్లు ఒక్కసారిగా కదిలాయి. కార్యాలయం పని బాగా చేసిందన్నమాట, సంతోషమే. అయితే ఆ గ్రాఫ్ చూపించేది ఫైళ్లు కదిలిన వేగాన్ని.

బెంగళూరు, హైదరాబాద్, విజయవాడ, ఎక్కడివాళ్లు దరఖాస్తు చేసినా దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పేటెంట్ కార్యాలయం చెన్నైలోని గిండీలోనే. అక్కడికి బెంగళూరు చేసే పనిలో సగం అసలు వెళ్లదు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ ఇవ్వరు. ఈ నియమం మంచిదనే నా అభిప్రాయం. కానీ సాఫ్ట్‌వేర్ మీద బతికే ఊరిని పేటెంట్లతో కొలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మరోవైపు పేటెంట్లు పోగవ్వాల్సిన అవసరం లేని చోట పోగవుతున్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి చెన్నై చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు బ్రోషర్లలో ‘ఇన్ని వందల పేటెంట్లు’ అన్న లైను చూసే ఉంటారు. అక్కడ ఒక మెలిక ఉంది. దరఖాస్తు చేసిన 18 నెలలకు, లేదా ప్రత్యేకంగా కోరితే అంతకన్నా ముందే, దాన్ని పేటెంట్ జర్నల్లో ప్రచురిస్తారు. అది మామూలు తతంగం. ఆ ఆలోచన కొత్తదా కాదా అని అప్పటికి ఎవరూ పరీక్షించి ఉండరు. అయినా కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ లెక్కలో మంజూరైన పేటెంట్లతో పాటు ప్రచురితమైన వాటికీ మార్కులుంటాయి. 2021లో విద్యాసంస్థలకు ఫీజు 80 శాతం తగ్గించారు. మార్కులు ఒకవైపు, రాయితీ ఇంకోవైపు. ఇక ఫైనలియర్ ప్రాజెక్టు కూడా దరఖాస్తుగా మారిపోక ఏం చేస్తుంది? మీ అబ్బాయి కాలేజీ వాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందులో మంజూరైనవి ఎన్ని, ఎవరైనా డబ్బిచ్చి వాడుకుంటున్నవి ఎన్ని?

వాడకం గురించి చెప్పే కాగితం మన చట్టంలోనే ఉంది. దాని పేరు ఫారం 27. పేటెంట్ ఉన్నవాళ్లు దాన్ని దేశంలో వినియోగంలో పెట్టారా లేదా అని అందులో తెలపాలి. ఒకప్పుడు ఏటా ఇవ్వాల్సి ఉండేది, 2024 నిబంధనల్లో మూడేళ్లకోసారి చేశారు. కంపెనీలకు తలనొప్పి తగ్గింది, నిజమే. కానీ పేటెంట్ వాడకంలోకి వచ్చిందో లేదో చెప్పే అధికారిక సమాచారం కూడా ఆ మేరకు పలచబడింది.

ఎవరి ఖాతాలో వేయాలి?

గుంటూరు నుంచి వచ్చిన ఒక చిప్ డిజైనర్ బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులోని అమెరికన్ కంపెనీ ఆఫీసులో కూర్చుని కొత్త సర్క్యూట్ తయారుచేసిందనుకోండి. పేటెంట్ అమెరికాలోని మాతృసంస్థ పేరు మీద ఉంటుంది. కనిపెట్టినవారి చిరునామా చూసి లెక్కిస్తే ఆ పేటెంట్ బెంగళూరుది, యజమాని చిరునామా చూస్తే అమెరికాది. రెండూ అధికారికంగా వాడే పద్ధతులే. మొదట్లో చెప్పిన వైపో నగరాల జాబితా మొదటిది వాడుతుంది.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ డిజైన్ కేంద్రం తెరిచినప్పుడు ఇది అరుదైన సంగతి. ఇప్పుడు దేశంలో జీసీసీలు, అంటే విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు, 1,700కు పైనే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ బెంగళూరులోనే. వీటిలో చాలావాటి బిల్లింగ్ ‘కాస్ట్ ప్లస్’ పద్ధతిలో జరుగుతుంది. జీతాలు, అద్దెలు, కరెంటు అన్నీ కలిపి, దాని మీద కొంత శాతం మార్జిన్ వేసి మాతృసంస్థకు పంపుతారు. ఆ చిప్ తర్వాత వేల కోట్లు సంపాదించినా కర్ణాటక ఆదాయంలో కనపడేది ఆ ఖర్చు, ఆ మార్జినే. మిగతా లాభం మేధోసంపత్తి ఏ దేశంలో రిజిస్టరై ఉంటే ఆ దేశపు లెక్కలో చేరుతుంది.

దీనికి అవతలి కొస ఐర్లాండ్. 2015లో ఆ దేశ జీడీపీ ఒక్క ఏడాదిలో పాతిక శాతం దాకా పెరిగినట్టు లెక్క తేలింది. అక్కడి జనం పని రాత్రికి రాత్రి మారలేదు. కొన్ని బహుళజాతి కంపెనీలు తమ మేధోసంపత్తిని కాగితాల మీద అక్కడికి మార్చుకున్నాయి. దాంతో ఐర్లాండ్ గణాంక శాఖ ఈ ప్రభావాన్ని తీసేసి చూపే వేరే కొలమానాన్ని 2017 నుంచి ప్రచురించడం మొదలుపెట్టింది. తమ గొప్ప అంకె నిజం కాదని తామే చెప్పుకుని సరిదిద్దుకున్నారు. మన రాష్ట్రాల ర్యాంకుల పోటీలో అలాంటి నిజాయితీ కనపడితే బాగుండు.

కంపెనీలనే అడిగితే

డబ్బు, పేటెంట్ రెండింటికీ దొరకని ఇన్నోవేషన్ ఎలా ఉంటుందో బెంగళూరులో పొద్దున్నే టిఫిన్‌కు వెళ్తే తెలుస్తుంది. 1980ల్లో జయనగర్ వైపు మొదలైన దర్శినులను చూడండి. ముందు డబ్బులు కట్టి టోకెన్ తీసుకోవాలి. కౌంటర్ దగ్గర ప్లేటు అందుకోవాలి, నిలబడి తినాలి. సర్వర్లు లేరు, కుర్చీలు లేవు, మెనూ చిన్నది. ఒక్కో కస్టమర్ పది నిమిషాల్లో ఖాళీ చేస్తాడు కాబట్టి చిన్న గదిలోనే వందల మందికి తక్కువ ధరకు ఇడ్లీ, వడ పెట్టగలరు. ఇందులో ప్రయోగశాల లేదు, పేటెంట్ లేదు. అయినా ఊరి తిండి వ్యాపారం రూపమే మారిపోయింది.

ఇలాంటివాటిని పట్టుకోవడానికే ఓఈసీడీ, అంటే ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ, 1992లో ఓస్లో మాన్యువల్ తెచ్చింది. 2018లో వచ్చిన నాలుగో కూర్పు ప్రకారం ఇన్నోవేషన్ రెండు రకాలు: కొత్త లేదా మెరుగైన వస్తువు, సేవ ఒకటి, వ్యాపారం నడిపే తీరులో మార్పు రెండోది. ఆ సంస్థ అంతకు ముందు చేసినదానికి ఇది గణనీయంగా భిన్నంగా ఉండాలి, ఆలోచనగా మిగిలిపోకుండా వాడకంలోకి రావాలి. ప్రపంచంలో ఎవరూ చేయనిదే కానక్కర్లేదు. ఈ పద్ధతిలో యూరప్ దేశాలు కంపెనీలను క్రమం తప్పకుండా సర్వే చేస్తాయి.

మన దగ్గర కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థతో కలిసి 2021–22లో ఇలాంటి సర్వే చేసింది. 8 వేలకు పైగా సంస్థలను అడిగితే, దాదాపు నాలుగో వంతు సంస్థలు ఇన్నోవేషన్ చేసినట్టు తేలింది. మొత్తం మీద కర్ణాటక ముందుంది. ఇన్నోవేషన్ చేసిన సంస్థల శాతం మాత్రమే చూస్తే మాత్రం తెలంగాణ పైన ఉంది: అక్కడ సుమారు 46 శాతం, కర్ణాటకలో 39. ఒకే సర్వే, ఇద్దరు విజేతలు. అయితే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేరే. అది ప్రధానంగా తయారీ రంగం సర్వే. బెంగళూరు బతుకుదెరువు సేవారంగం. ఆసుపత్రులు, బ్యాంకింగ్ యాప్‌లు, డెలివరీ కంపెనీలు, దర్శినులు, ఇవన్నీ ఆ వలకు అవతలే ఉండిపోయాయి.

అడిగే తీరు కూడా జవాబును మార్చేస్తుంది. నార్వేలో దీన్ని స్పష్టంగా గమనించారు. ఇన్నోవేషన్ ప్రశ్నలను ఆర్ అండ్ డీ ప్రశ్నలతో కలిపి ఒకే ఫారంలో పంపితే ‘చేశాం’ అనే కంపెనీలు తక్కువగా తేలాయి, విడిగా అడిగితే సంఖ్య బాగా పెరిగింది. ముందు పేజీల్లో ప్రయోగశాలల గురించి చదివినవాడికి తన చిన్న మార్పు చెప్పుకోదగ్గదిగా అనిపించకపోవడం సహజమే.

బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు. హిందూపురం నుంచి వచ్చి చిన్న సీఎన్‌సీ షాపు, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల మీద లోహపు భాగాలు కోసిచ్చే వర్క్‌షాపు, పెట్టుకున్నారు. ‘మీరు ఇన్నోవేషన్ ఏమైనా చేశారాండీ?’ అంటే, ‘అబ్బే, మాదేముంది సార్, కస్టమర్ డ్రాయింగ్ ఇస్తాడు, మేం చేసిస్తాం’ అన్నారు. సరే, మూడేళ్ల కిందట ఈ జాబ్ ఎలా చేసేవారో చూపించండి అన్నాను. అప్పుడు మూలన పడి ఉన్న పాత ఫిక్స్చర్, అంటే కోసేటప్పుడు జాబ్‌ను కదలకుండా పట్టి ఉంచే చట్రం, బయటికి తీశారు. నాలుగు బోల్టులు స్పానర్‌తో బిగించాలి, విప్పాలి. అంతసేపూ మెషిన్ ఖాళీ. ఇప్పుడు ఒక్క లీవర్ నొక్కితే పట్టుకునే క్లాంపు పెట్టారు. అలాంటి ప్లేట్లు రెండు చేయించారు కాబట్టి ఒకదాని మీద కటింగ్ జరుగుతుండగానే ఆపరేటర్ రెండోదాని మీద తర్వాతి జాబ్ బిగించేస్తాడు. ‘నైట్ షిఫ్ట్ తీసేశాం సార్, పగలే అయిపోతోంది’ అన్నారు, పెద్ద విషయమేం కాదన్నట్టు. ఓస్లో నిర్వచనం ప్రకారం ఇది పక్కా ఇన్నోవేషన్. ఫారంలో ఆయన పెట్టే టిక్కు మాత్రం ‘లేదు’ దగ్గర.

ధర లేనిదాన్ని ఎలా కొలుస్తారు?

ఆర్థికవేత్తలకు ఇంకో దారి ఉంది. కార్మికులు, యంత్రాలు పెరిగినందువల్ల వచ్చిన వృద్ధిని తీసేస్తే మిగిలేది సాంకేతిక ప్రగతి అని రాబర్ట్ సోలో 1957లో లెక్క కట్టి చూపించారు. మన దేశానికి ఇలాంటి అంచనాలు రిజర్వ్ బ్యాంకు ప్రచురించే క్లెమ్స్ గణాంకాల్లో దొరుకుతాయి. దేశమంతటి ధోరణి తెలియడానికి ఇది బాగుంటుంది. కానీ ‘మిగిలింది’ అన్నదాంట్లో కొలత తప్పులు, మంచి వర్షాలు, అన్నీ కలిసే ఉంటాయి.

ధర లేని సేవ దగ్గర ఈ దారి కూడా మూసుకుపోతుంది. 2016లో వచ్చిన యూపీఐ 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. 2020 జనవరి నుంచి దుకాణదారు మీద దీనికి చార్జీ లేదు. కూరగాయల బండి ఆయనకు చిల్లర బాధ తప్పింది, సాయంత్రం డబ్బు లెక్క చూసుకునే పని తప్పింది, అయినా ఆ లాభం జీడీపీలో నేరుగా ఎక్కదు. అదే బండి మీద ‘యాభై రూపాయలు అందాయి’ అని అరిచే సౌండ్‌బాక్స్ ఉంటుంది చూడండి, దాని నెలవారీ అద్దె మాత్రం ఎక్కుతుంది! అసలు ఇన్నోవేషన్ కనపడదు, దాని తోక కనపడుతుంది.

ఏం చేయొచ్చు?

కొత్త ఇండెక్సులు అక్కర్లేదు, ఉన్నవి చాలు. ఫ్యాక్టరీలను ఏటా సర్వే చేసే ఏఎస్ఐ ఉంది. రిజిస్టర్ కాని చిన్న వ్యాపారాల కోసం ఏఎస్‌యూఎస్ఈ ఉంది. సేవారంగ సంస్థల వార్షిక సర్వే కోసం కేంద్ర గణాంక శాఖ పైలట్ అధ్యయనం కూడా చేసింది. వీటిలో పదేసి ప్రశ్నల చిన్న భాగం చేరిస్తే తయారీ, సేవలు, చిన్నవాళ్లు, పెద్దవాళ్లు ఒకే చూపులో వస్తారు. ఏటా అక్కర్లేదు, మూడేళ్లకోసారి చాలు. ‘ఇన్నోవేషన్ చేశారా’ అని కాకుండా ‘మూడేళ్ల కిందట ఈ పని ఎలా చేసేవారు, ఇప్పుడెలా చేస్తున్నారు, దానివల్ల టైమ్ ఎంత తగ్గింది’ అని అడగాలి. అదీ పీణ్యలో కన్నడ, తెలుగు, చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో తమిళంలో. మొదట ఎవరు కనిపెట్టారన్నది పేటెంట్ కార్యాలయానికి వదిలేసి, ఎంతమంది అందిపుచ్చుకున్నారన్నది ఈ సర్వేలు చూడాలి. పీణ్యలో ఒక షాపులోని క్లాంపు నలభై షాపులకు పాకిందా లేదా అన్నదే జీతాలను, ధరలను కదిలిస్తుంది.

ఫారం 27, జీఎస్టీ రిటర్నులు, ప్రావిడెంట్ ఫండ్ రికార్డులు కలిపి చూస్తే అడగకుండానే చాలా తెలుస్తుందని కొందరంటారు. నిజమే, కానీ జాగ్రత్తగా చేయాలి. 2025 జులైలో యూపీఐ రికార్డుల ఆధారంగా కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపగానే, బెంగళూరులో చాలా దుకాణాల ముందు ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ బోర్డులు వెలిశాయి. గణాంకాల కోసం తీసుకున్న సమాచారం పన్నుల వాళ్లకు వెళ్లదన్న చట్టబద్ధమైన హామీ లేకపోతే, ఎంత మంచి లెక్కయినా జనం దాచుకున్న వాటినే కొలుస్తుంది.

ర్యాంకు ఇచ్చేవాళ్లు పద్ధతి మార్చినప్పుడు పాత సంవత్సరాలకు కూడా కొత్త పద్ధతిలో లెక్క కట్టి పక్కనే ఇవ్వాలి. జీడీపీ ఆధార సంవత్సరం మారినప్పుడు వెనకటి అంకెలను కూడా సవరించి ఇస్తారు కదా, ఇక్కడ ఎందుకు కుదరదు?

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఇన్నోవేషన్ నిధికి ఆమోదం తెలిపింది. ప్రైవేటు కంపెనీలకు తక్కువ వడ్డీతో దీర్ఘకాల రుణాలివ్వడం దాని ముఖ్య ఉద్దేశం. ఖర్చు లెక్కతోనే చూస్తే డబ్బు ఖర్చయిన రోజే పథకం విజయవంతమైపోతుంది, 0.64 అన్న అంకె కాస్త పైకి జరుగుతుంది. నిజంగా ఏం మారిందో తెలియాలంటే రుణం అందిన కంపెనీలను, దరఖాస్తు చేసి కొద్దిలో తప్పిపోయిన కంపెనీలతో ఐదేళ్ల తర్వాత పోల్చి చూడాలి: అమ్మకాలు, ఉద్యోగాలు, కొత్త ఉత్పత్తుల వాటా. దానికి తిరస్కరించిన దరఖాస్తుల వివరాలు, అప్పటి వాళ్ల ఖాతాలతో సహా, మొదటి రోజు నుంచే భద్రపరచాలి. ఐదేళ్ల తర్వాత వెతికితే అవి దొరకవు.